నవ్వితే పడిపోయే మనిషి

మన భాషలో నవ్వుకి ఉన్న మాటలన్నీ ప్రమాదాల్లోంచి పుట్టినవే. పగలబడి నవ్వుతాం. విరగబడి నవ్వుతాం. పొట్ట చెక్కలవుతుంది, పొలమారుతుంది, నవ్వలేక చచ్చిపోతాం, లేచి ఇంకాసేపు చస్తాం. ఇన్ని జరిగినా ఎవరూ ఆసుపత్రికి పోరు. అందుకే కర్టెన్ల అక్క "ఈమధ్య నవ్వితే పడిపోతున్నాను" అన్నప్పుడు విన్నవాళ్ళెవరూ కంగారు పడలేదు. పైగా కుళ్ళుకున్నారు.

"పెట్టి పుట్టావు. నేను పడి పడి నవ్వి ఎన్నాళ్ళయిందో!" అంది పక్కన గడియారాల షాపావిడ.

అక్క షాపు గడియారాల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య రైలుపెట్టెలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గోడకు చేరగిలబడ్డ గుడ్డల తానులు, ఆ గోడ పొడుగునా కత్తిరింపు బల్ల, బల్ల చివర ఎదురెదురుగా రెండు మిషన్లు. ఒకదాని మీద అక్క, ఇంకోదాని మీద చెల్లెలు. అక్క ఏ కిటికీనైనా మూడుసార్లు కొలిచి, మెట్లు దిగాక అనుమానం వచ్చి, మళ్ళీ పైకెక్కే రకం. చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు. వీధంతా ఆమెను టపాకాయ అంటుంది. ఒత్తి ఎక్కడుందో కనిపించదు, ఎప్పుడు పేలుతుందో తెలియదు. షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా చెల్లెలు అంటూనే ఉంటుంది, అక్క నవ్వుతూనే ఉంటుంది. ఆ షాపులో మిషన్లు కరెంటుతో కాదు, ఆ నవ్వుతో నడుస్తాయనిపిస్తుంది చూసేవాళ్ళకి.

వానలు వెనకబట్టాక మొదలైంది. ముందు అరికాళ్ళకు మేజోళ్ళు వేసుకున్నట్టుండేది, వేసుకోకుండానే. తర్వాత మెట్లెక్కితే తొడలు బరువెక్కడం, కాసేపు కూర్చుంటే సర్దుకోవడం. పెడల్ మీద కాలుందో లేదో వంగి కళ్ళతో చూసుకుంటేగానీ తెలిసేది కాదు. ఒకసారి కాలు తనకు తెలియకుండానే నొక్కుకుపోయి, హోటలువాళ్ళ కర్టెన్ అంచు మీద కుట్టు పాములాగా మెలికలు తిరిగింది. అక్క చేతిలో వంకర కుట్టు! టపాకాయ దాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెడదామంది.

అన్నిటికంటే వింత నవ్వు. చిరునవ్వుకి ఏమీ అయ్యేది కాదు. ఊపిరి బిగబట్టి, కడుపు పట్టుకుని నవ్విందా, ఆ నవ్వు నడుం దిగి మోకాళ్ళదాకా వచ్చేది. మోకాళ్ళు గడియ తీసిన తలుపుల్లా వదిలేసేవి. ఎక్కడున్నదక్కడే కూలబడేది. కాసేపటికి కాళ్ళు వాటంతటవే తిరిగొచ్చేవి, ఏమీ ఎరగనట్టు.

ఇంట్లో చెప్పింది. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు.

"ఏమండీ, నవ్వితే పడిపోతున్నాను."

"ఎవరు నవ్వించారు?"

"ఇంకెవరు, చెల్లెలు."

"ఓ, దానికేం, మీ చెల్లెలి మాటలు గుర్తొచ్చి నిన్న నేనూ రెండు స్టాపులు ఆపకుండా దాటించేశాను. దిగాల్సినవాళ్ళు నన్ను తిట్టిన తిట్లకి నువ్వు ఇంకోసారి పడేదానివి."

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంది, "నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అన్నారా? మిగతా మూడూ ఏమిటో నాకూ తెలీదు. ఒకటి మాత్రం ఇదే."

వీధి చివరి డాక్టరు "నవ్వితే పడిపోతున్నానండీ" అనగానే తనే నవ్వాడు. "ఏడిస్తే పడిపోయేవాళ్ళే వస్తారమ్మా నా దగ్గరికి" అని బలానికి మాత్రలు రాశాడు. ఎముకల డాక్టరు మోకాలు అరిగిందని పట్టీ చుట్టించాడు. ఆ పట్టీ ఏటవాలుగా చుట్టారు. అక్క బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని విప్పి, సమంగా చుట్టుకుంది. అప్పుడే అర్థమైంది ఆమెకి. లోపం మోకాలిది కాదు. ఎక్కడో లోపలి కుట్టు వదిలింది, బయటికి కనబడని చోట. ఎవరికి చెప్పినా సామెత చెప్పినట్టుంది తప్ప జబ్బు చెప్పినట్టు లేదు. ఇలాగే వదిలేస్తే ఒకనాడు కూలబడ్డాక కాళ్ళు తిరిగి రావు. పోనీ నవ్వు మానేద్దామంటే టపాకాయ ఎదురుగా కూర్చుని ఎలా మానడం?

అలాంటి రోజుల్లో ఒక డాక్టరు కొత్త గదికి కర్టెన్లు కావాలని కబురొచ్చింది. వెన్నెముక రక్తనాళాలు ఆయన పని. బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. మనిషి సన్నగా, నిటారుగా, దానికి చొక్కా తొడిగినట్టే ఉన్నాడు. నవ్వు ఏ షాపులో దొరుకుతుందో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. రెండు కర్టెన్లూ సరిగ్గా నడిమధ్యన కలవాలన్నాడు. ఆ మాటకి అక్కకి ఆయన మీద గౌరవం పుట్టింది.

టపాకాయ నిచ్చెనెక్కి కడ్డీ బిగిస్తోంది. అక్క కింద నిలబడి రింగులు అందిస్తోంది. డాక్టరు కిటికీ వంక చాలాసేపు చూసి, ఎంతో ఆలోచించి అడిగాడు.

"పొద్దున ఈ కర్టెన్ తీస్తే వెలుతురు వస్తుంది కదా?"

"తప్పకుండా వస్తుందండీ," అంది టపాకాయ పైనుంచి. "రాకపోతే అది పొద్దున కాదు."

అంతే. అక్క చేతిలో రింగుల డబ్బా జారింది, వెనకే అక్కా జారింది. రింగులు గదంతా దొర్లాయి. ఒకటి వెళ్ళి డాక్టరు బూటుకి తగిలి గిరగిరా తిరిగి పడుకుంది. నిచ్చెన మీద టపాకాయ ఊగిపోతోంది.

"ఏమనుకోకండి డాక్టరుగారూ, మా అక్కకిది మామూలే. పడి పడి నవ్వుతుంది."

డాక్టరు రింగు వంక చూడలేదు. అక్క వంక చూశాడు.

"పడి నవ్వారా? నవ్వి పడ్డారా?"

టపాకాయకిది ఆ ఏడాదిలో తాను విన్న గొప్ప జోకులా తోచి నిచ్చెనను కావిలించుకుని మరీ నవ్వింది. అక్క నవ్వు మాత్రం నేల మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళకి ఒక్క మనిషి ఆ మాటని మాటలాగా విన్నాడు.

"నవ్వి పడ్డానండీ," అంది మెల్లగా.

ఆయన నేల మీద మోకాళ్ళేసి కూర్చున్నాడు. "తుమ్మితే?"

"ఒక్కోసారి."

"మెట్లెక్కితే?"

"బరువెక్కుతాయి."

"వంగి బట్ట కత్తిరిస్తే?"

"మీకెలా తెలుసండీ?"

జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరికాలి మీద గీశాడు. కిందికి ముడుచుకోవలసిన బొటనవేలు పైకి లేచింది. ఆయన ఇంకో కాలు మీదా గీశాడు. అదీ లేచింది. అప్పటికి టపాకాయ కూడా నవ్వడం మాని, స్క్రూడ్రైవరు పట్టుకుని పైనే ఉండిపోయింది.

"రేపే వీపుకి ఎమ్మారై చేయించండి," అన్నాడు డాక్టరు. "కర్టెన్లు తర్వాత."

"ఆయనకి నా జోకు అర్థం కాలేదక్కా," అంది టపాకాయ మెట్లు దిగుతూ. "అందుకే నీ రోగం అర్థమైంది."

స్కాను చూడటానికి నలుగురూ వెళ్ళారు. అత్తగారిని రావద్దంటే, నా కోడలి వెన్ను నేను చూడకూడదా అని ముందే ఆటోలో కూర్చుంది. దీపపు పెట్టె మీద వెన్నుపాము తెల్లగా, ఉబ్బి ఉంది. దాని వెనక చిన్న చిన్న నల్లని మెలికలు, కత్తిరింపు బల్ల కింద పడ్డ దారపు ముక్కల్లా.

"ఇది కాన్సర్ కాదు," అన్నాడు డాక్టరు. "గడ్డ కూడా కాదు. ఇంకెక్కడికీ పాకదు. చాలా అరుదు."

"మా కోడలికి ఏదీ మామూలుగా రాదు లెండి," అంది అత్తగారు కొంచెం గర్వంగా.

"గుండె నుంచి వచ్చే ధమనిలో ఒత్తిడి ఎక్కువ. అది సన్నటి నాళాలుగా చీలి, ఒత్తిడి తగ్గాక, తిరిగెళ్ళే సిరలో కలవాలి. ఈమెకి వెన్నుపాము మీది పొరలో ఒకచోట రెండూ నేరుగా కలిసిపోయాయి."

డ్రైవరు ముందుకు వంగాడు. "అంటే హైవే తీసుకొచ్చి సందులో కలిపేశారు."

డాక్టరు ఆలోచించాడు. "సందు ఉబ్బదు. సిర ఉబ్బుతుంది."

"సందులో బళ్ళు ఇరుక్కుంటాయి కదండీ."

"ఇరుక్కుంటాయి. వెన్నుపాములోంచి బయటికి రావలసిన రక్తానికి దారి లేదు. అందుకే వాచింది. గట్టిగా నవ్వినా, ముక్కినా, తుమ్మినా పొట్టలో ఒత్తిడి పెరిగి ఆ సిర మీద ఇంకా..."

"ఎదురుగా ఇంకో లారీ!"

"అనుకోండి," అన్నాడు డాక్టరు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

అక్క అడిగింది, "ఇలాగే వదిలేస్తే?"

"పడ్డాక కాళ్ళు తిరిగి రావడం మానేస్తాయి."

తర్వాత ఆయన వైద్యం చెప్పాడు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ కలిసిన చోటు వెతికి పట్టుకుని, జిగురు పోసి మూసేస్తారు. గొట్టం అక్కడిదాకా వెళ్ళలేకపోతే వీపు మీద చిన్న ఆపరేషన్ చేసి సిరను మూస్తారు. వచ్చే వారానికి ఏర్పాటు చేస్తానన్నాడు.

'జిగురు' అన్న మాట వినగానే టపాకాయ మొహం కందగడ్డయింది. ఆమె నోట్లో కనీసం పది జోకులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయని అక్కకి తెలుసు. డాక్టరుకి తెలియదు. "మీకు ఊపిరాడుతోందా?" అని అడిగాడాయన.

"అప్పటిదాకా బరువులెత్తకూడదు. మెట్లెక్కకూడదు. పాడకూడదు. పగలబడి నవ్వకూడదు."

"డాక్టరుగారూ," అంది అత్తగారు, "ఆ చివరి మాట ఇంకోసారి, కాస్త గట్టిగా."

మర్నాటినుంచి ఆ ఇంట్లో నవ్వు బంద్. టీవీలో కూరగాయల ధరలు తప్ప ఇంకేమీ పెట్టకూడదని డ్రైవరు తీర్మానించాడు. బస్సులో జరిగిన విశేషాలు మింగేసి, భోజనాల దగ్గర "ఇవాళ ఏమీ జరగలేదు" అని శ్రద్ధగా ప్రకటించేవాడు. ఆ ప్రకటన చేసేటప్పుడు ఆయన మీసం వణికేది. కాపలా అత్తగారిది. కోడలి పెదవి కదిలితే చాలు, "ఊఁ!" అనేది. నిద్రలో కూడా ఒకసారి "ఊఁ!" అంది. ఆ ఊఁకి అక్క దిండు కొరకవలసి వచ్చింది. ఇంట్లో కంటే షాపే నయమని మూడోనాడు బయల్దేరింది.

టపాకాయ అప్పటికే మిషన్ ముందు కూర్చుని ఉంది, జుట్టు నున్నగా దువ్వి, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"నమస్కారమండీ అక్కగారూ. లైనింగ్ గుడ్డ వచ్చింది. అది తెల్లగా ఉంది."

"అలా మాట్లాడకే తల్లీ, చచ్చిపోతాను!"

"మరెలా మాట్లాడను? నాకొచ్చినవి రెండే పద్ధతులు. ఒకటి డాక్టరు వద్దన్నాడు, ఇంకోటి నువ్వు వద్దంటున్నావు."

"అసలు మాట్లాడకు."

టపాకాయ మూతికి మాస్కు తగిలించుకుంది. పొద్దుటి పూటంతా బాగానే గడిచింది. అక్క మెత్తని కర్టెన్ ఒకటి అంచు మడిచి, నవ్వొచ్చినప్పుడల్లా గుండుసూదులు లెక్కపెట్టుకుంటూ కుట్టుకుపోయింది.

మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చాడు, భారీ మనిషి. రోడ్డు మీదికి కిటికీ ఉందట.

"చూడండమ్మా, కర్టెన్ వేస్తే బయటివాళ్ళు నాకు కనిపించాలి. నేను వాళ్ళకి కనిపించకూడదు. గాలి రావాలి, దుమ్ము రాకూడదు. వెలుతురు రావాలి, ఎండ రాకూడదు. పక్కింటివాళ్ళ మాటలు మాకు వినపడాలి, మా మాటలు వాళ్ళకి వినపడకూడదు."

అక్క ఊపిరి బిగబట్టి చెల్లెలి వంక చూసింది. టపాకాయ మాస్కు పైన కళ్ళు పెద్దవయ్యాయి. నుదురు ఎర్రబడింది. లోపల పేలుతున్నవన్నీ ఒక్కొక్కటే మింగింది. మింగి, గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"అలాగేనండీ. ఏ రంగులో?"

జోకే వేసి ఉంటే అక్క తట్టుకునేది. జోకులకి ఆమె సిద్ధంగానే ఉంది. ఈ మర్యాద ఆమెను కింద నుంచి పట్టి లేపింది. నవ్వు గుండుసూదుల్ని తోసుకుని, అరచేతుల్ని తోసుకుని బయటపడింది. అక్క స్టూలు మీద నుంచి కర్టెన్‌తో సహా జారి, గుడ్డ మధ్యలో కూర్చుండిపోయింది.

నవ్వు ఆగింది. కాళ్ళు రాలేదు.

కాసేపు చూశారు. టపాకాయ మాస్కు తీసేసి వంగింది.

"అక్కా, తెలుస్తోందా?"

"ఏమిటి?"

"గిల్లుతున్నా."

"ఎక్కడ?"

టపాకాయ మొహంలో రంగు దిగిపోవడం అక్క చూసింది. అప్పుడు భయమేసింది, కాళ్ళని చూసి కాదు, ఆ మొహాన్ని చూసి.

టపాకాయ బావకి ఫోను చేసింది. ఆయన బస్సు అప్పుడే వెనక స్టాపులో ఉంది. ఆటో పిలవమని చెప్పబోయి, అది మానేసి తానే వచ్చేశాడు, బస్సుతో సహా. పెద్దమనిషి తన కర్టెన్ సంగతి మరిచిపోయి, అక్కను హోటలువాళ్ళ మందపు గుడ్డలో పెట్టి, తలొక కొసా పట్టించి, వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టాడు.

కండక్టరు లేచి నిలబడ్డాడు. "ఈ బస్సు ఆసుపత్రికి పోతోంది. దిగేవాళ్ళు దిగొచ్చు."

ఒక్కరూ దిగలేదు. ముందుసీటావిడ "పద బాబూ, తొందరగా పద" అని డ్రైవరునే తొందరపెట్టింది. మధ్యలో సిగ్నల్ దగ్గర ఎవరో మెట్టు మీద కాలేసి "మార్కెట్‌కి పోతుందా?" అన్నాడు. "ఆసుపత్రి!" అని బస్సంతా ఒక్క గొంతుతో అరిచింది. అతను ఒక్క క్షణం ఆలోచించి, "సరే, పళ్ళు అక్కడా అమ్ముతారు" అని ఎక్కేశాడు.

అక్క గుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.

"నవ్వకూడదట అమ్మాయి," అని కండక్టరు చాటింపు వేశాడు.

"అయ్యో, అయితే ఏడుపొచ్చేదేదైనా తలుచుకో తల్లీ," అన్నాడు పక్కసీటు తాతగారు. "నాకైతే మా అల్లుడు గుర్తొస్తే చాలు. ఒకసారి వాడేం చేశాడంటే..."

"వద్దు!" అంది బస్సు.

నడుం కింద ఏమీ లేనట్టుంటే, నడుం పైన ఇంత నవ్వు రావడమేమిటని అక్కకి ఆశ్చర్యం వేసింది. భయం ఒక పక్కా, నవ్వు ఒక పక్కా లాగుతున్నాయి. ఒక్క టపాకాయే మాట్లాడలేదు. సీటు కొసన కూర్చుని, అక్క పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని రుద్దుతూనే ఉంది. రుద్దుతున్నట్టు అక్కకి తెలియడం లేదు, కళ్ళతో చూస్తే తప్ప.

డాక్టరు వారం ఆగలేదు. ఆ సాయంత్రమే లోపలికి తీసుకెళ్ళాడు. మత్తులో ఉన్న అక్క వెన్నులో ఒక్కొక్క నాళమూ తడుముకుంటూ, వెంట్రుకంత గొట్టం పైకి వెళ్ళింది. ఎన్నో వాటిల్లోకి తొంగి చూసి, వీపు మధ్యన ఎడమవైపు దొరికిందట. జిగురు ఆ కలిసిన చోట నిండి, సిర మొదట్లోకి కూడా వెళ్ళిందట. ఆయన బయటికొచ్చి, టోపీ తీసి అన్న మాట ఒక్కటే.

"మూసుకుంది."

డ్రైవరు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ట్రాఫిక్ క్లియరేనాండీ?"

"హైవే నుంచి సందులోకి దారి మూసేశాం," అన్నాడు డాక్టరు చాలా గంభీరంగా. "సందు ఖాళీ అవడానికి టైము పడుతుంది. ఎంత ఖాళీ అవుతుందో ఇప్పుడే చెప్పలేను."

అది చెప్పలేకపోవడమే కష్టమైంది. మొదట కుడికాలి బొటనవేలు కదిలింది. దాన్ని చూడటానికి అత్తగారు కళ్ళజోడు మార్చుకుని వచ్చింది. తర్వాత మడమ, తర్వాత మోకాలు. నాలుగు కాళ్ళ వాకర్‌తో వరండా చివరిదాకా నడక. ఆ తర్వాత చేతికర్ర, ఆ తర్వాత గోడ. మేజోళ్ళు వేసుకున్నట్టుండే ఆ మొద్దుదనం కొంచెం మిగిలింది. అది పోకపోవచ్చని డాక్టరు ముందే అన్నాడు. ఫరవాలేదనుకుంది అక్క. పెడల్ మీద కాలుందని ఇప్పుడు చూడకుండానే తెలుస్తోంది.

స్కాను మళ్ళీ తీసి, నల్లని మెలికలు పోయాయని, ఇక నవ్వొచ్చని డాక్టరు చెప్పాడు. చెప్పినా ఎవరూ నవ్వలేదు. షాపు తెరిచారు. టపాకాయ మాస్కు పెట్టుకోలేదు, అవసరం రాలేదు. వచ్చినవాళ్ళకి కొలతలు చెప్పింది, గుడ్డ చూపించింది, తలొంచుకుని కుట్టింది. ఆమె కుట్లు అంత తిన్నగా ఎప్పుడూ లేవు. గడియారాల షాపావిడ తొంగి చూసి, "ఏమర్రా, కరెంటు పోయిందా?" అని అడిగింది.

అక్క మాత్రం ఏం తక్కువ? నవ్వు గొంతుదాకా వస్తే బల్ల అంచు పట్టుకుని దిగమింగేది. కాళ్ళు తిరిగొచ్చాయి. వాటి మీద నమ్మకమే రాలేదు. నవ్వని మనిషిగా నిలబడి ఉండటం, నవ్వి కూలబడటం, రెంటిలో ఏది నయమో తేల్చుకోలేక డాక్టరు దగ్గరికి చివరి పరీక్షకి వెళ్ళింది. నలుగురూ వెళ్ళారు.

ఆయన అరికాళ్ళ మీద గీశాడు. మెట్లెక్కించాడు, దింపించాడు. వంగమన్నాడు. ముక్కు దగ్గర కాగితం పొట్లం ఏదో విప్పి తుమ్మించాడు. అన్నీ అయ్యాక అక్కను గది మధ్యలో నిలబెట్టి, అందరినీ దూరంగా జరగమన్నాడు.

"ఇప్పుడు నవ్వండి."

అక్క చూసింది. డాక్టరు ఎదురు చూశాడు.

"గట్టిగా," అన్నాడాయన.

డ్రైవరు గొంతు సవరించుకుని, మొన్న బస్సులో ఒకాయన చిల్లర అడిగితే అంటూ మొదలుపెట్టి, ఆ చిల్లర ఎవరు ఎవరికివ్వాలో తనే మరిచిపోయి ఆగిపోయాడు. అత్తగారికి ఒళ్ళు మండింది.

"నవ్వమ్మాయ్! డాక్టరుగారు చెబుతుంటే వినపడటం లేదూ? ఇంతకాలం వద్దంటే నవ్వావు, ఇప్పుడు నవ్వమంటే నీకేం రోగం? నవ్వూ!"

ఎవరికీ నవ్వు రాలేదు. డాక్టరు మూల కుర్చీలో ఉన్న టపాకాయ వైపు తిరిగాడు.

"ఈమెను నవ్వించేది మీరే కదా?"

"నేను మానేశానండీ."

"ఎందుకు?"

"అక్క నావల్లే పడింది."

"మీవల్ల కాదు," అన్నాడు డాక్టరు. "వీపు మధ్యన ఎడమవైపు కలిసిన ధమనీ సిరల వల్ల. మీరు కేవలం పొట్టలో ఒత్తిడి."

టపాకాయ ఆయన వంక చూసింది. ఆ పూచీ ఇన్నాళ్ళుగా మోస్తున్న మనిషి, దాన్ని దించుకోమని ఇంత కటువుగా ఎవరో చెప్పేసరికి గట్టున పడ్డట్టయి భోరుమంది. ఏడుస్తూ లేచి నిలబడి, చేతులు జోడించి మొదలుపెట్టింది.

"అక్కా, ఆవేళ నేను... హిక్... ఆ పెద్దమనిషిని రంగు అడగకుండా... హిక్... ఉండాల్సిందే... హిక్... నిన్నీ జన్మలో నేనింక న... హిక్... న... హిక్..."

"ఊపిరి బిగబట్టండి," అన్నాడు డాక్టరు, వెంటనే గడియారం చూసుకుంటూ.

టపాకాయ బిగబట్టింది. బుగ్గలు రెండూ పూరించుకుని, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుండగా, అక్క ఎదురుగా చేతులు జోడించుకునే నిలబడింది. డ్రైవరు ఆమె కోసం తాను కూడా ఊపిరి బిగబట్టాడు. అత్తగారూ బిగబట్టింది. డాక్టరు ముల్లు వంక చూస్తున్నాడు. అంతా కుదుటపడిందనుకున్న క్షణాన, అంతవరకూ ఆపినవన్నీ కలిపి ఒకే ఒక ఎక్కిలి వచ్చింది. కుక్కపిల్ల తోక తొక్కినట్టు వచ్చింది. అదిరిపడ్డ అత్తగారు చేతికందిన ప్లాస్టిక్ వెన్నెముకను కొక్కెంతో సహా లాగి గుండెలకి హత్తుకుంది.

"అది జాగ్రత్తండీ," అన్నాడు డాక్టరు. "అందులో ఏ లోపమూ లేదు."

అక్కకి ముందు ముక్కులోంచి వచ్చింది. తర్వాత భుజాల్లోంచి. పట్టుకోవడానికి బల్ల కోసం చెయ్యి చాచింది. అందలేదు, గది మధ్యలో బల్ల లేదు. ఇక ఆపడం ఆమె వల్ల కాలేదు. నవ్వు గొంతు దాటింది, కడుపు దాటింది, నడుం దాటి కిందికి దిగడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. వస్తోంది, వస్తోంది, మోకాళ్ళ దగ్గరికి వచ్చేసింది అనుకుంది. వచ్చింది. అక్కడ ఏమీ జరగలేదు. మోకాళ్ళు దాన్ని పలకరించి పంపించేశాయి.

అక్క నవ్వుతూ కళ్ళు తెరిచింది. ఒక్కరూ ఆమె మొహం వంక చూడటం లేదు. డాక్టరు, భర్త, వెన్నెముకనెత్తుకున్న అత్తగారు, చేతులు జోడించుకున్న చెల్లెలు, నలుగురూ నడుం వంచి, కళ్ళార్పకుండా ఆమె మోకాళ్ళ వంక చూస్తున్నారు. ఎవరైనా పిలిచి చెప్పండర్రా, నవ్వేది ఇక్కడ అని అనబోయింది గానీ మాట రాలేదు. దాంతో రెండో విడత మొదలైంది.

"కుర్చీ..." అంది అక్క, ఊపిరందక. "ఎవరైనా కుర్చీ వెయ్యండి..."

ఒక్కసారిగా నలుగురూ మీదికొచ్చారు. "పడిపోతున్నావా? పడిపోతున్నావా అక్కా?"

"ఛీ, కాదే," అంది అక్క, పొట్ట పట్టుకుని, రెండు కాళ్ళ మీదా నిలబడే. "కడుపు నొప్పి!"